పట్టాలు ఏ చేతికున్నయి?

హలో… ఆ, టవరే. జకర్యానే మాట్లాడుతున్న. చెప్పు బావా.

… తక్లీఫ్ ఏంది? నువ్వు ఫోన్ చేస్తే నాకు తక్లీఫా? అక్క మొగుడివి, కంపెనీకి పెద్ద కెప్టెన్‌వి. నువ్వంటే నాకు రెండు డ్యూటీలు.

… హ్యాంగర్ నుంచేనా? అనుకున్న. వెనుక సుత్తి సప్పుడు వినబడుతున్నది. మద్రాస్ విమానం నీదే గద ఇయ్యాల… ఆ, కనబడుతున్నరు పాసింజర్లు. షెడ్డు కింద కూసున్నరు. ఒకామె అయితే మరచెంబు, పాన్‌డబ్బా, ఎలుగుబంటంత పరుపుచుట్ట తెచ్చుకున్నది. మద్రాసుకు కాదు, కాశీకి పోతున్నట్టున్నది.

… నవ్వినవా? మంచిది. మొన్నటి సంది నువ్వు నవ్వంగ వినలే.

… ఇన్‌స్పెక్టరా? ఇంకా రాలే. మొన్నటి విమానాల సంగతి తేల్చనీకి ఢిల్లీ నుంచి వచ్చి క్లబ్బుల దిగిండంట. ముందుగాల దవాఖానకు పోయి, కాలు విరిగిన రిచర్డును చూస్తడు, అటెంక ఇక్కడికి. … ఆ, నన్నే అడుగుతడు. మొన్న సాయంత్రం టవర్ల డ్యూటీ నాది. ఇంకెవర్ని అడుగుతడు?

… నేనేం చెప్తనంటే—

… ఒక్క నిమిషం బావా. లూకా! ఓ లూకా! పోయి చాయ్ తాగి రా పో. … వాన కాదురా, తుంపర. గొడుగు తీస్కపో. తలుపు దగ్గరికెయ్.

ఆ, చెప్పు. … ఎందుకు పంపినంటే, వాడుంటే నీకే ఇబ్బంది. వాని చెవుల పడ్డ మాట పొద్దూకే లోపల లాలాగూడ మొత్తం తిరిగొస్తది.

నన్నేం చెప్పమంటవ్ నువ్వు? … ఆఁ. "కెప్టెన్ ఆర్థర్ కాయిదా ప్రకారమే వచ్చిండు. తప్పంత ఆ చిన్న విమానం నడిపినోనిది." … అంతేనా? … చిన్న మాటనే.

మరి ఇంత చిన్న మాట కోసం, ఇంజన్ షురూ చేసే ముందు, హ్యాంగర్ ఫోన్ కాడికి నడిచి వచ్చినవా బావా?

… కోపం ఎందుకు? ఊరికెనే అడిగిన.

… సరే, షక్కే అనుకో, అనుమానమే. పోలీస్ యాక్షన్ అయినప్పటి సంది ఈ ఊర్ల షక్ లేనిదెవ్వరికి? పాలల్ల నీళ్లు కలిసినా వెనుక ఎవడో ఉన్నడంటున్నరు. నిన్ను సుత పిలిచి కూసోబెట్టలేదా, నిజాం సర్కారు కాలంల విమానంల ఏం పెట్టెలు మోసినవని? … ఆ, నేనే వచ్చి నీ తరఫున మాట్లాడిన. నా బావ అబద్ధం ఆడడని చెప్పిన. అప్పుడు నాకు షక్ లేకుండె.

… ఇప్పుడా? చెప్త. జెర ఓపిక పట్టు. విమానం నిన్ను వదిలి పోదు.

ఈ ఇన్‌స్పెక్టర్‌కు మన గుట్టలు తెల్వవు, మన పట్టాలు తెల్వవు. మొదటి నుంచి చెప్పాలె ఆయనకు. ముందు నీకు చెప్పి చూస్త. ఎక్కడన్న తప్పుంటే ఆపు.

మొన్న సాయంత్రం మబ్బు బాగ కిందికి దిగింది. నువ్వు నాగ్‌పూర్ నుంచి డకోటా విమానం తెస్తున్నవ్. మబ్బు కింద దారి కనబడది, కాబట్టి మౌలాలి కాడ రైలు పట్టాలు పట్టుకున్నవ్. పట్టాల వెంబడి లాలాగూడ, ఆడికెళ్లి మన ఏరోడ్రోమ్. … అవును, అందరు చేసేదే. దాంట్ల తప్పేం లేదు.

అప్పుడే రిచర్డు ఫ్లయింగ్ క్లబ్ విమానంల ఒక్కడే పైన ఉన్నడు. నేర్చుకునేటోడు. వాడు సుత అవే పట్టాలు పట్టుకున్నడు. నువ్వు ఇటు వస్తున్నవ్, వాడు అటు మౌలాలి దిక్కు పోతున్నడు. … ఒకటే దారి, ఎదురెదురు.

గట్ల అయితదనే కాయిదా పెట్టిండ్రు. పట్టాల వెంబడి పోయేటోడు పట్టాలను తన ఎడమ చేతికి పెట్టుకోవాలె. ఎవడైనా సరే. అప్పుడు వచ్చేటోడు పట్టాలకు ఒక పక్క ఉంటడు, పోయేటోడు ఇంకో పక్క ఉంటడు. మూసీ బ్రిడ్జి మీద జట్కాలు పోయినట్టు. … ఆ, ఆ మాట నీదే. క్లబ్బుల పిల్లలకు నువ్వే చెప్పినవ్. రిచర్డుకు సుత నువ్వే చెప్పినవ్.

… ఎత్తిపొడుపు కాదు. చెప్తున్న.

మరి ఎదురెదురు ఎట్ల పడ్డరు? రిచర్డు కుడికి తిప్పిండు. అది సుత కాయిదానే, ముక్కుకు ముక్కు వస్తే ఎవని కుడికి వాడు తిరగాలె. అంత కింద, అంత జోరుగ తిప్పితే చిన్న విమానం నిలుస్తదా? జొన్నచేన్ల పడ్డది. కాలు రెండు తావుల విరిగింది. నీ డకోటాకు గీత సుత పడలే.

ఎదురు పడ్డరంటే ఇద్దరు పట్టాలకు ఒక్క పక్కనే ఉన్నరు. అంటే ఒకడు తప్పు పక్కన ఉన్నడు. … వాడే అంటవ్ నువ్వు. … నువ్వే అంటడు వాడు.

… నేనా? నా మీద పెడుతవా బావా? చిన్న విమానం పైన ఉన్న సంగతి నీకు చెప్పలేదంటవా? రేడియోల చెప్పిన. "చిన్న విమానం పట్టాల మీద మౌలాలి దిక్కు పోతున్నది, దాంట్ల రేడియో లేదు, నువ్వే చూసుకోవాలె" అన్న. "చూసుకుంట జకర్యా" అన్నవ్. … అన్నవ్. లూకా పక్కనే ఉండె. పిలవాల్నా?

… సరే, వదిలెయ్.

రిచర్డుకు లైసెన్స్ పోవుడు ఒక్కటే అయితే నేనింత పరేషాన్ కాకపోదును. మొన్న నీ విమానంల ఇద్దరు కొత్త ఆఫీసర్లు ఉన్నరు. పోలీసోళ్లు ఏమంటున్నరో విన్నవా? వాడు కావాలనే గుద్దబోయిండంట. సచ్చిపోయిన వాని నాయిన అప్పట్ల రజాకార్ల లారీలు బాగు చేసిండంట. … చేసిండు, మోటర్ మెకానిక్కు గద. లారీ ఎవనిదైనా తోలుకొచ్చి ముందల నిలబెడితే ఏం చేస్తడు? మంచానికి బేడీ వేసిండ్రు బావా. విరిగిన కాలుకు బద్ద, మంచిగున్న కాలుకు బేడీ.

నిన్న దేవమ్మ మా ఇంటికొచ్చింది. … రిచర్డు తల్లి. మిషన్ బడిల టీచరమ్మ. మా ఆవిడ కాంతమణి చాయ్ ఇస్తే ముట్టలే. "మీ బావ మంచోడు, ఉన్నది ఉన్నట్టు చెప్పుమను" అన్నది. అంతే, లేచి పోయింది. మా ఆవిడ ఆ చాయ్ పారబోస్తూ నా మొఖం దిక్కు చూడలే.

అందుకే అడుగుతున్న, ఇన్‌స్పెక్టర్ అడిగినట్టే. కెప్టెన్ ఆర్థర్, పట్టాలు నీకు ఏ చేతికున్నయి?

… ఎడమకు.

… ఖాయంగ? … బైబిల్ మీద చెయ్యి పెట్టమంటే పెడుతవా? … ఎందుకంత మెల్లగ అన్నవ్? సుత్తి సప్పుడుల వినబడలే.

… ఊఁ.

బ్రహ్మచారి గారు తెలుసు గద? జనరల్ బజార్ల బంగారం దుకాణం. మొన్న నీ విమానంలనే వచ్చిండు. … ఆ, ఆయనే, జరీ టోపీ. మొదటిసారి విమానం ఎక్కిండు. ఇప్పుడు దుకాణానికి ఎవరొచ్చినా నగ ముచ్చట లేదు, విమానం ముచ్చటనే. నాకు సుత చెప్పిండు, నిలబెట్టి. కుడి పక్క కిటికీ దొరికిందంట. మౌలాలి దాటినంక కింద కాజీపేట ప్యాసింజర్ పోతున్నదంట. రుమాలు ఊపిండంట. … రైల్ల ఉన్నోళ్లకు కనబడ్డదో లేదో, ఆయనకైతే ఖుషీ.

కుడి కిటికీల నుంచి బావా.

… ముసలోడు, కుడి ఎడమ తెల్వదంటవా? నేను సుత గట్లనే అనుకున్న. అనుకోవాలని మస్తు అనుకున్న. గని పక్కన కూసున్న ఆఫీసర్ దొర ఆయన మీది నుంచి వంగి అదే రైలు చూసిండంట. ఆ దొర ఇయ్యాల రేపట్ల ఇన్‌స్పెక్టర్‌కు చెప్పకుండ ఉంటడా?

కెప్టెన్ కుర్చీ ఎడమకుంటది. పట్టాలు ఎడమ చేతికి పెట్టుకుంటె మోచేతి కిందనే కనబడుతయి. కుడికి పెట్టుకుంటె పక్క కుర్చీ మీది నుంచి మెడ సాపాలె. ఎవడు చేస్తడా పని? పక్క కుర్చీల కూసున్నోడు నడిపితే చేస్తడు. వానికి పట్టాలు కుడికి ఉంటెనే సులువు.

నాకైతే ఒక్కటే తోస్తున్నది. ఏసురత్నం నడిపిండా మొన్న? … నీ చిన్న కెప్టెన్. పక్క కుర్చీ వానిదే గద. నేర్చుకుంటడని చేతికిచ్చినవా? ఇప్పుడు వాణ్ని కాపాడుతున్నవా?

… ఆఁ?

… ఏసురత్నమే నడిపిండా?

… నీ నోటితోటి చెప్పు బావా. … "అవును, వాడే." … పట్టాలు వాడే కుడికి పెట్టిండు, నువ్వు చెప్పినా వినలే. … ఊఁ. … కొత్తగ పెండ్లైనోడు, కొలువు పోతదని నువ్వు నోరు మూసుకున్నవ్. … ఊఁ. … అవసరమైతే ఇన్‌స్పెక్టర్ ముందల సుత చెప్తవ్.

… అయిపోయిందా?

బ్రహ్మచారి గారికి మౌలాలి కాడ కడుపుల తిప్పిందంట. చిన్న కెప్టెన్ వెనుకకు వచ్చి, కాగితం సంచి పట్టి, వీపు నిమిరి, "కింద రైలు చూడు తాతా, తిప్పుడు బంద్ అయితది" అన్నడంట. అందుకే ఆయన రైలు చూసిండు. అందుకే రుమాలు ఊపిండు. దిగేదాక ఏసురత్నం ఆయన పక్కనే ఉన్నడు.

అప్పుడు ముందల నువ్వొక్కనివే ఉన్నవ్ బావా.

…

నేను ఊరికెనే ఒక తాడు ఇచ్చి చూసిన. నువ్వు తీసుకొని ఏసురత్నం మెడకు వేసినవ్. తీసుకోవద్దు, తీసుకోవద్దని లోపల ప్రార్థన చేస్తనే ఉన్న.

… అరవకు. హ్యాంగర్ల అందరున్నరు. … సరే, అరువు.

… అవును, ఉచ్చే పెట్టిన. నీ బామ్మర్దినే పెట్టిన.

… ఏందీ? కాంతమణి తమ్మునికి కంపెనీల కొలువు ఇప్పిస్తవా? రెండేండ్ల సంది అడిగితే "చూద్దాం" అన్నోనివి, ఇయ్యాల ఇప్పిస్తవా? బావా, ఆ మాట నేను వినలేదనుకుంట. సుత్తి సప్పుడుల పోయింది.

ఇది చెప్పు. మొన్న దిగినంక నువ్వేం చేసినవో యాదుందా? టవర్ ఎక్కి వచ్చినవ్. చాయ్ అడిగినవ్. ఆదివారం మాంసం ఉంటది, రమ్మన్నవ్. డోరా అక్క దాంట్ల గోంగూర వేస్తదా లేదా అని నాతోటి పందెం కాసినవ్. అక్కడ చేన్ల రిచర్డు ఒర్లుతుంటె, నువ్విక్కడ బిస్కట్ ముంచుకొని తింటున్నవ్. మౌలాలి స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినంకనే నీ మొఖం తెల్లబడ్డది. నేను చూసిన.

విమానం ముక్కు ముందలికెళ్లి ఇంకో విమానం పోయినంక, ఎవడన్న బిస్కట్ తింటడా?

నువ్వు రిచర్డును చూడనే లేదు.

… "మబ్బులకెళ్లి ఎగిరొచ్చిండు" అని పోలీసోళ్లకు చెప్పినవ్ గద. ఏది ఎగిరొచ్చింది? ఏ రంగు విమానం? … చెప్పు, ఏ రంగు? … క్లబ్బుల ఉన్న అన్ని విమానాలు పసుపే బావా. అది నేను సుత చెప్త, కండ్లు మూసుకొని.

దవాఖానకు పోయిన నిన్న. … ఎందుకు పోవద్దు? రిచర్డు ఏమన్నడో విను. "అన్నా, ఆర్థర్ సారు మొఖం పట్టాల దిక్కు తిప్పి ఉండె. నేను ఆయన చెంపకు ఎదురుంగ వస్తున్న. ఇంత పెద్ద రెక్కలేసుకొని వస్తున్న. కన్ను సుత నా దిక్కు మలగలే" అన్నడు. మత్తు మందు ఇచ్చిండ్రు, ఏదో అంటున్నడు అనుకున్న. ఇంటికొచ్చి పండుకుంటె నిద్ర రాలే.

… అక్కకా? అక్కకు నేనేం చెప్పలే. అక్కనే నాకు చెప్పింది. … ఏం చెప్పిందంటే… కోపం చెయ్యకు. అక్కకు నీ మీద వేరే షక్ ఉన్నది.

… ఆ, అదే. పెండ్లానికి వచ్చే షక్.

చర్చిల మనం మొగోళ్లం కుడి దిక్కు, ఆడోళ్లు ఎడమ దిక్కు. నువ్వెప్పుడు నడిమి దారి పక్కన కూసుంటవ్. అక్క ఆ దారికి అటు పక్కన. ప్రసంగం పొడుగైతే అక్క పైట సర్దుకుంటది, నువ్వు దగ్గుతవ్, ఇద్దరు నవ్వుకుంటరు. పెండ్లైనప్పటి సంది ఇదే కిస్సా, పాస్టర్ గారికి సుత మాలూం. ఈస్టర్ పోయినప్పటి సంది నువ్వు చూస్తలేవంట. పైట సర్దినా లేదు, గాజులు గలగలమన్నా లేదు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం తల మొత్తం తిప్పి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నవంట. మోటర్ సైకిల్ సుత అమ్మినవ్, పెట్రోల్ పిరమని. "పిరం కాదురా, నేరేడ్‌మెట్ నుంచి చర్చికి నన్ను ఎనుక కూసోబెట్టుకొని రావుడు ఇష్టం లేదు. మద్రాసుల ఎవతో ఉన్నది" అని ఏడ్చింది.

… ఎవతి లేదు, తెలుసు. ఆ షక్ నాకు లేదు. గంత ఓపిక సుత లేదు నీకు.

నా షక్ వేరు బావా.

పక్కన కిటికీ పెట్టుకొని, ఖాళీ కుర్చీ మీది నుంచి మెడ సాపి కుడి దిక్కు పట్టాలు చూస్తవ్. ఎడమకు కూసున్న అక్క కనబడదు. రోడ్డు మీద ఎడమకెళ్లి ఏమొస్తదో తెల్వక బండి అమ్మినవ్. మెడ కుడికి తిప్పి ఉన్నవ్ గద, ముందల నుంచి వచ్చిన రిచర్డు నీ ఎడమ కంటికే పడాలె. పడలే.

నీ ఎడమ కన్ను కనబడుతలేదు.

… మంచిగనే ఉన్నదా? … డాక్టర్ చూసిండు. ఎప్పుడు? … పోయిన ఏడు. ఈస్టర్ ఈ ఏడు వచ్చింది బావా.

… సరే, మంచిగనే ఉన్నది. మంచిగుంటే నాకన్న ఖుషీ ఎవరికి? ఇప్పుడే మాట వెనుకకు తీసుకుంట. నీ ఇంటికొచ్చి అక్క ముందల నీ కాళ్లు మొక్కుత.

ఒక్క పని చెయ్ నా కోసం. ఆ ఫోన్ పక్కన కిటికీ ఉన్నది. టవర్ కనబడుతది ఆడికెళ్లి. … ఆ. నా కాడ సిగ్నల్ దీపం ఉన్నది. పచ్చ చూపిస్తే పొమ్మని, ఎర్ర చూపిస్తే ఆగమని. రోజు చూసేదే గద నువ్వు. కుడి కన్ను చేత్తోటి మూసుకో. ఎడమ కంటితోటి ఇటు చూడు. ఏ రంగు చూపిస్తున్ననో చెప్పు, చాలు.

… పిల్లలాటనే అనుకో. ఆడు.

… రిసీవర్ భుజం మీద ఆనిచ్చుకో. … మూసినవా? వేళ్ల సందులకెళ్లి చూడొద్దు. … సరే.

చూస్తున్నవా?

… జల్దీ లేదు, నిదానంగ చూడు.

… ఏంది? గట్టిగ చెప్పు.

… పచ్చ.

… ఖాయంగ పచ్చనేనా? … మంచిగ కనబడుతున్నదా? … మెరుస్తున్నది.

బావా… దీపం గోడకే వేలాడుతున్నది. నేనింకా చేతుల పట్టనే లేదు.

కుడి కన్ను తెరువు. తెరిచి చూడు. … ఆ. ఉత్త చేతులతోటి నిల్చున్న.

…

ఎప్పటి సంది? … ఈస్టర్ ముందల. … అంచులకెళ్లి పొగ లెక్క వచ్చిందా. … పొద్దున లేస్తే పోతదనుకున్నవ్. … రోజు పొద్దున.

… ఎవ్వరికి చెప్పలే. … ఆ, తెలుసు, కంపెనీ ఒక్క దినం ఉంచుకోదు. … ముగ్గురు ఆడపిల్లలు, తెలుసు బావా, నా మేనకోడండ్లే గద.

… లేదు.

… "ఈ ఒక్క ట్రిప్" లేదు. ఏసురత్నం పక్కనుంటడు, నిజమే. మొన్న సుత ఉన్నడు. ఒక ముసలాయనకు కడుపుల తిప్పేదాక ఉన్నడు.

… అక్క కోసం అన్నా లేదు. షెడ్డు దిక్కు చూస్తున్న నేను. ఆ పరుపుచుట్ట ఆమె ఎవరి పిల్లకో లడ్డు పెడుతున్నది. ఆమెకు కాయిదా తెల్వదు, పట్టాలు తెల్వవు. కెప్టెన్ చూసుకుంటడని ఎక్కుతది.

… నేను పచ్చ ఇయ్య. పచ్చ లేకుండ కదిలినవంటే రన్‌వే మీద జీపు అడ్డం పెట్టిస్త. ఆ జీపుల నేనే కూసుంట.

… అను. … ఆ, మీ ఇంట్లనే తిన్న, మీ ఇంట్లనే పెరిగిన, మా నాయిన పోయినంక నాకు బడి ఫీజు నువ్వే కట్టినవ్. అన్ని నిజాలే. అనుడు అయినంక విను.

నీ కన్ను సంగతి ఇన్‌స్పెక్టర్‌కు నేను చెప్ప. అది నీది. పట్టాలు ఏ చేతికున్నయని అడిగితే మాత్రం కుడికే అంట. ఎందుకున్నయో నాకు తెల్వదంటే, మళ్ల షక్. నీ మీద, ఏసురత్నం మీద, రిచర్డు మీద, ఆ పిల్లగాని సచ్చిపోయిన నాయిన మీద. నువ్వు చెప్తే అన్ని ఒక్కసారి బంద్ అయితయి. ఆయన దవాఖానలనే ఉన్నడు ఇప్పుడు, రిచర్డు మంచం కాడ. నువ్వే పోయి చెప్పు. బేడీ తీసేస్తరు. వాడు మళ్ల ఎగురుతడు.

… నువ్వా?

… నువ్వు ఎగరవు బావా. … అబద్ధం ఎట్ల చెప్పాలె నీకు? ఎగరవు.

… ఫోన్ నువ్వు చెయ్యకుంటె నేనే చేస్తుంటి. నీకు చెప్పకుండ ఆయనకు చెప్పుడు నాతోటి కాదు.

… బావా? … ఏమన్న అను. … తిట్టయినా తిట్టు.

హలో? … హలో! రిసీవర్ ఎక్కడ పెట్టినవ్? … బావా!

…

… ఎవరు? … ఏసురత్నమా? ఆ, జకర్యానే. … బల్ల మీద పెట్టి పోయిండా? విను. ఇంజన్ ముట్టద్దు. ఇయ్యాల ఈ కెప్టెన్ తోటి విమానం కదలదు. పాసింజర్లకు చాయ్ ఇప్పియ్. … ఎందుకన్నది తర్వాత. ముందుగాల చెప్పు, ఆయన ఏ దిక్కు పోతున్నడు? ఇక్కడికి డకోటా రెక్క అడ్డమొస్తున్నది, నాకు కనబడతలేడు.

… విమానం దిక్కా?

… చూసి చెప్పు రా!

… దాని పక్కకెళ్లి పోయిండు. ముట్టలే. … గేటు దిక్కు. జీపు డ్రైవర్‌ను కేకేసిండా? ఏమని? … వినబడ్డదా నీకు?

… దవాఖానకని.

… ఆ. … ఆ, ఉన్న. నువ్వు తలకాయ బయట పెట్టి చూడు, పెట్రోల్ బండి నాకు కనబడుతున్నది, ఆయన మీదికే వస్తున్నది గద? ఆయన ఎడమ పక్కకెళ్లి. … ఆయన నిలబడతలేడా? … చూడలే. ఆయనకు ఆ దిక్కు కనబడదు ఏసురత్నం. ఉరుకు! ఉరికి ఆయన ఎడమ పక్కన నడువు. చెయ్యి పట్టకు, ఆయనకు నచ్చదు. ఊరికెనే ముచ్చట చెప్పుకుంట నడువు, జీపుల సుత పక్కనే కూసో, దవాఖాన దాక… అరే, నన్నేం అడుగుతవ్, ఫోన్ కింద పడెయ్, ఉరుకు!